బాబాయి వెంట ఆశ్వయుజం

వానలు వెనకబట్టి వారం దాటింది. ఈ వారం రోజులుగా నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో గుర్తుండదు, మళ్ళీ వరండాలోకి వస్తాను. పటమటలో మా ఇంటి ముందు నుంచి ఆటోనగర్ వైపు వెళ్ళే లారీలు పొద్దున్నుంచీ మోగుతూనే ఉంటాయి. నిన్న ఆ మోతల మధ్య ఒకతను తోపుడు బండి మీద సీతాఫలాలు తెచ్చాడు. కళ్ళు విచ్చుకున్నవి నాలుగు ఏరుకున్నాను. గేటు దగ్గర నిలబడే ఒకటి విప్పబోతే, సగం గుజ్జు వేళ్ళ మధ్య నుంచి జారి చీర కుచ్చిళ్ళ మీద పడింది. సీతాఫలం నిలబడి తినే పండు కాదు. ఆ సంగతి నాకు తొమ్మిదో ఏటే తెలుసు, ఇన్నేళ్ళలో మరిచిపోయాను. మెట్టు మీద కూర్చుని, గింజలు పూలకుండీలోకి ఊస్తూ తింటుంటే మా బాబాయి గుర్తొచ్చాడు. ఆయన్ని తలుచుకుని చాలా కాలమైంది.

అప్పటికి పటమట వేరు, బెజవాడ వేరు. మధ్యలో చేలుండేవి. మా నేత వీధి ఊరికి ఓ పక్కగా, బందరు కాలువ గట్టుకి దగ్గర్లో ఉండేది. ముప్ఫై గడపలు. ప్రతి ఇంటి నడవలోనూ ఒక మగ్గం గుంట. నేసేవాడు నేల అంచున కూర్చుని, మోకాళ్ళ దాకా కాళ్ళు ఆ గుంటలోకి దించి, అడుగున చెక్కలు తొక్కుతూ నేసేవాడు. తెల్లవారిందని మాకు కోడికూత కంటే మగ్గాల చప్పుడే ముందు చెప్పేది.

ఆ ఏడు ఆ చప్పుడు లేదు. జపాను యుద్ధం మూలాన నూలు రావడం లేదు. తాతయ్య రోజు విడిచి రోజు గవర్నర్‌పేట కొట్ల దాకా నడిచి వెళ్ళి, నూలు కబురు అడిగి, ఉత్త చేతులతో వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. కాసేపటికే లేచి మళ్ళీ వీధి చివరి దాకా పోయి వచ్చేవాడు. పని లేని మగవాళ్ళందరూ అలాగే ఉండేవాళ్ళు. ఒకళ్ళ అరుగు మీంచి ఇంకొకళ్ళ అరుగు మీదికి మారడం, ఉన్న రెండు కబుర్లే తిరగేసి చెప్పుకోవడం. ఎండాకాలంలో విమానాలొచ్చి బాంబులేస్తాయన్న భయంతో బెజవాడలో సగం మంది గిన్నెలూ చెంబులూ బండ్లకెత్తుకుని పల్లెలకు పోయారు. తర్వాత ఒక్కొక్కళ్ళే తిరిగొచ్చారు గాని, మా వీధిబడి పంతులుగారు మాత్రం రాలేదు. అందుకని నాకు బడి లేదు. మా నానమ్మయితే వడియాలు ఎండబెట్టి ఆకాశంకేసి చూస్తూ ఉండేది. గద్ద ఎగిరినా సరే, చాపతో సహా వడియాలు లోపలికి లాగేసేది.

ఆ ఆషాఢంలో బాబాయి బర్మాలోని రంగం నుంచి వచ్చాడు.

బాబాయంటే నాన్నకి తమ్ముడు. ఒక్క మగ్గం మీద ఇంతమందికి కూడు రాదని, నేను పాకే రోజుల్లోనే ఓడెక్కి రంగం పోయి, అక్కడ బియ్యపు మిల్లులో పనికి కుదిరాడట. మధ్యలో ఒకసారి వచ్చి, పెళ్ళి చేసుకుని, పిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. పిన్ని నాకు లీలగా గుర్తు. నాకు జడ వేస్తూ పక్కింటివాళ్ళతో మాట్లాడుతూ ఉండేది, జడ వంకరగా వచ్చేది. రంగం మీద బాంబులు పడ్డాక ఓడలు దొరకలేదు. వేలమంది అడవుల్లో పడి, కొండలెక్కి దిగి, నెలల తరబడి నడిచి మన దేశం పొలిమేర చేరారు. బాబాయీ అలాగే వచ్చాడు. గడప ముందు నిలబడితే ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేదు. బిచ్చగాడనుకుని మా అమ్మ గుప్పెడు బియ్యం తెచ్చింది. నానమ్మే ముందు పోల్చుకుని రెండు చేతులూ పట్టుకుంది.

కోడలేదిరా అని అడిగింది. బాబాయి వెనక్కి తిరిగి వీధికేసి చూశాడు, ఇంకా ఎవరో రావాల్సి ఉన్నట్టు. నానమ్మ ఆయన స్నానానికి నీళ్ళు కాచడానికి పెరట్లోకి పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నాలుగు రోజులకి మాకు అర్థమైంది, బాబాయి కూర్చోవడం లేదని. కంచం చేత్తో పట్టుకుని స్తంభం దగ్గర నిలబడి తినేవాడు. పీట వేస్తే దాన్ని చుట్టి వెళ్ళేవాడు. నిద్ర ముంచుకొచ్చి ఒళ్ళు తూలితే అప్పుడు ఏ గోడ వారనో ఒరిగేవాడు. మిగతా పొద్దంతా నడకే. పెరట్లో, వీధిలో, గట్టు మీద. రైల్లో కూడా తలుపు దగ్గర నిలబడే వచ్చాడని తర్వాత తెలిసింది. వీధిలో తలా ఒక మాట అన్నారు. గ్రహం పట్టిందని ఒకళ్ళు, అడవిలో ఏదో సోకిందని ఒకళ్ళు. వీధి చివర జట్కా తోలే సాయెబుగారు దర్గాలో తాయెత్తు కట్టించుకొచ్చి ఇచ్చారు. నానమ్మ దాన్ని నడుస్తున్న బాబాయి వెంట నడుస్తూనే చేతికి కట్టింది.

భాద్రపదం వెళ్ళేసరికి ఆయన నడక ఊరు దాటడం మొదలెట్టింది. అప్పుడు నానమ్మ నన్ను పిలిచి, బాబాయి వెంట నువ్వుండాలే, పక్కన పిల్ల ఉంటే దూరం పోడు అని చెప్పింది. నాకు తప్ప ఆ ఇంట్లో అందరికీ ఏదో ఒక పనుండేది కాబోలు.

మొదట్లో నాకు ఏడుపొచ్చేది. ఆయనవి పెద్ద అంగలు. ఆయన ఒక అడుగు వేస్తే నేను మూడు వెయ్యాలి. మాట్లాడడు. కాలువ గట్టు పట్టుకుని లాకుల దాకా, అక్కణ్ణించి వెనక్కి, మళ్ళీ లాకుల దాకా. కానీ ఆ రోజులే అలాంటివి. వానలకి కడిగినట్టయిన ఆకాశం, గట్టు వారన రెల్లు తెల్లగా విచ్చుకుని ఉండేది. చేలల్లో వరి పొట్ట మీద ఉండి పాలవాసన వేసేది. పడవల మీద వంట చేసుకునేవాళ్ళు చేపల పులుసు కాస్తుంటే ఆ వాసనకి నా నడక దానంతటదే నెమ్మదించేది. బాబాయిది నెమ్మదించేది కాదు. ముల్లు గుచ్చుకుందని ఒక రోజు దొంగ ఏడుపు ఏడ్చాను. నిలబడే నా కాలు ఎత్తి చూసి, ముల్లు లేదని తెలిసి, నన్ను భుజానికెత్తుకుని అదే వేగంతో నడిచాడు. అది ఒక రకంగా బాగానే ఉంది గాని, రోజూ పనిచేసే ఎత్తు కాదు.

దసరా ముందర కొండపల్లి వైపు నుంచి గంపల్లో సీతాఫలాలు వచ్చేవి. నానమ్మ పచ్చికాయలు తీసుకుని, వడ్ల గాదెలో పాతిపెట్టి మగ్గబెట్టేది. రోజూ పొద్దున్నే గాదెలోకి చెయ్యి పెట్టి ఒక్కొక్క కాయ నొక్కి చూసి, మెత్తబడినవి లెక్కగా ఇంటిల్లిపాదికీ పంచేది. ఆవిడ కంటే ముందు లేచి నేను నొక్కి చూడటం మొదలెట్టాను. రెండు పండ్లు పరికిణీలో మూటగట్టుకుని బాబాయి వెంట బయల్దేరాను. ఆకలేసినప్పుడు తిందామని తప్ప వేరే ఆలోచన లేదు.

లాకుల దగ్గర ఒకటి ఆయన చేతికిచ్చాను. నడుస్తూనే విప్పాడు. పండు రెండు ముక్కలై ఒకటి జారబోయింది. రెండు చేతులూ పట్టి, మోచేతుల దాకా కారిన రసం నాకుతూ, గింజ ఎక్కడ ఊయాలో తెలియక ఆగిపోయాడు. నేనప్పటికే గట్టు మీద కూలబడి తింటున్నాను. ఒక నిమిషం నన్ను చూసి, మెల్లిగా మడమల మీద గొంతుకూర్చున్నాడు. పిరుదులు నేలకి ఆనలేదు. పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్న మనిషిలాగే ఉన్నాడు. అయినా ఆ పండు అయిపోయేదాకా కదల్లేదు. ఒక్కో గింజనీ నోట్లో తిప్పి తిప్పి, చుట్టూ ఉన్న తెల్ల గుజ్జంతా తీసి, నున్నగా నల్లగా అయ్యాక అరచేతిలోకి ఊసి, కాలువలోకి విసిరాడు. నేనూ విసిరాను. ఎవరి గింజ దూరం పోతుందో చూడటంతో కాసేపు గడిచింది. నా కాళ్ళకి ప్రాణం వచ్చింది.

అప్పట్నుంచి రోజూ దొంగతనమే. ఆయన మీద జాలితో కాదు, నా కాళ్ళ తీపులు తగ్గడం కోసం. ఆరో రోజు నానమ్మ పట్టేసింది. గాదెలో చెయ్యి పెట్టి నేను, వెనకాల చీపురుతో ఆవిడ. పండక్కి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల భాగాన్ని కూడా తినేశావటే అని రెక్క పట్టుకుంది. ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాను, పండిస్తే బాబాయి కూర్చుంటున్నాడని. నానమ్మ చీపురు కింద పెట్టింది. ఎలా కూర్చుంటున్నాడో చూపించమంది. గొంతుకూర్చుని చూపించాను. ఎంతసేపని అడిగింది. పండు అయ్యేదాకా అన్నాను. ఆవిడ నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. మర్నాడు గాదె మూత తీసేసరికి పైనే, వడ్ల మీద కనపడేటట్టు, రెండు మగ్గిన పండ్లున్నాయి. ఆ తర్వాత రోజూ ఉండేవి. 

ఇంతలో అట్లతద్ది వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఏడాదికంతటికీ అదే పండగ. ముందురోజే గోరింటాకు రుబ్బి పెట్టారు. చుక్కలుండగానే లేపి గోంగూర పచ్చడీ ఉల్లిపాయ పులుసూ గడ్డపెరుగూ వేసి చద్దన్నం తినిపించారు. తెల్లారేసరికి వీధి పిల్లలందరం చింతచెట్టుకి వేసిన ఉయ్యాల దగ్గర మూగాం. బాబాయి మామూలు వేళకే బయల్దేరాడు. ఆయన వెంట పదడుగులు నడిచి, నా గోరింటాకు చేతులకేసి చూసుకుని, నువ్వీ వీధిలోనే తిరుగుతూ ఉండు బాబాయ్, నాలుగు ఊపులు ఊగి వస్తానని చెప్పాను. ఆయన తల ఊపాడు.

నాలుగు ఊపులు ఎప్పుడు నలభై అయ్యాయో తెలియదు. పొద్దెక్కాక చూస్తే వీధిలో బాబాయి లేడు. గట్టు మీదికి పరుగెత్తాను, లేడు. లాకుల దాకా పోయాను, లేడు. ఇంటికొచ్చి, భయంతో, జట్కా సాయెబుగారి దగ్గరున్నాడని అబద్ధమాడాను. మధ్యాహ్నం మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పాను. సాయంత్రం అమ్మ అట్లు పోస్తుంటే, వేడిగా ఒకటి తినిపోతాడు బాబాయిని పిలుచుకురమ్మంది నానమ్మ. అప్పుడు పొయ్యి దగ్గరే నిలబడి ఏడ్చేశాను. సాయెబుగారు పొద్దున్నే బండి కట్టుకుని కంకిపాడు వెళ్ళారని నాకు ముందే తెలుసు.

నాన్నతో కలిసి వీధిలో మగవాళ్ళు కాలువకి రెండు వైపులా వెతికారు. ఒకళ్ళు రేవుల్లో పడవల వాళ్ళని అడిగి వచ్చారు. నీళ్ళ సంగతి ఎవరూ పైకి అనలేదు గాని, గట్టు మీద ఒక్కోచోట ఆగి కిందికి చూడటం నేను గమనించాను. నన్ను ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఎర్రగా పండిన చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

మర్నాడు పొద్దున వీధి మలుపులో జట్కా గంటలు వినపడ్డాయి. ఆ గుర్రం ఎప్పుడూ దౌడు మీదే వచ్చేది. ఆ రోజు శవం వెంట నడిచినట్టు నెమ్మదిగా వచ్చింది. నానమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. బండి ఖాళీగా ఉంది. కళ్ళెం పట్టుకుని సాయెబుగారు ముందు నడుస్తున్నారు. బండి వెనక చెక్క పట్టుకుని బాబాయి నడుస్తున్నాడు. ఇద్దరూ మోకాళ్ళ దాకా దుమ్ము.

సాయెబుగారు నానమ్మతో అన్న మాటలు నాకిప్పటికీ గుర్తు. “కంకిపాడు అవతల కనపడ్డాడండీ. ఎక్కమంటే ఎక్కలేదు. ఆయన నడుస్తుంటే నేను బండి మీద కూర్చోడం బాగుండలేదండీ, దిగేశాను.”

నాలుగు కోసుల దూరం, ఎనిమిది మైళ్ళు. దారిలో రెండు బేరాలు వదులుకున్నారట. నానమ్మ ఆయనకి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, ముందురోజు మిగిలిన అట్లు బెల్లంతో పెట్టింది. బాబాయి స్తంభం దగ్గర నిలబడి తిన్నాడు. తింటూ నన్ను చూసి, నేను వీధిలోనే తిరుగుదామనుకున్నానమ్మా, కాళ్ళే ముందుకు పోయాయి అని సంజాయిషీ చెప్పాడు. తప్పు నాది, చెప్పింది ఆయన.

ఆ వారంలోనే నూలొచ్చింది. ఎక్కువేం కాదు, వీధి మొత్తానికి నాలుగైదు పడుగులకి సరిపడా. వానల్లేవు, గాలి పొడిగా ఉంది, పొద్దుటి ఎండ మెత్తగా ఉంది. గంజి పెట్టడానికి అంతకంటే మంచి రోజులు లేవని తాతయ్య తొందరపడ్డాడు. పడుగంటే బట్టకి నిలువు దారాలు. వాటిని వీధి పొడుగునా గుంజలకి బిగించి సాచి, అన్నపు గంజి పట్టించి, అది ఆరేలోగా పెద్ద కుంచెతో ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి దువ్వుతూ నడవాలి. చెయ్యి ఆగితే దారాలు అంటుకుపోతాయి. పడుగుకి రెండు వైపులా ఇద్దరు మనుషులు కావాలి. ఒక వైపు నాన్న ఉన్నాడు. రెండో వైపు ఏటా నిలబడే పక్కింటాయన చెయ్యి విరిగి ఉంది.

తాతయ్య వీధిలో పోతున్న బాబాయికి ఎదురెళ్ళి కుంచె చేతిలో పెట్టాడు. బాబాయి దాన్ని తిప్పి చూశాడు. అలవాటైన చెయ్యి, దానంతటదే పట్టు కుదుర్చుకుంది. పడుగు మీద వాలింది.

ఆ పొద్దున ఆయన ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచాడో. కోళ్ళూ మేకలూ పడుగు కిందికి రాకుండా తోలడం నా పని. మేక కంటే ముందు నేనే రెండుసార్లు కిందనుంచి దూరి తాతయ్య చేత తిట్లు తిన్నాను. పులిసిన గంజి వాసన, తడి దారం వాసన, కుంచె దారాల మీద పోయే సన్నటి చప్పుడు. బాబాయి అంగలు మొదట పెద్దవిగానే పడ్డాయి. నాన్నతో కలవాలి కాబట్టి కాసేపటికి తగ్గాయి. గుంజ దాకా వెళ్ళేవాడు, తిరిగేవాడు. గుంజ దాటి మాత్రం పోలేదు. పడుగు ఆరేసరికి ఇంకో ఇంటివాళ్ళొచ్చి, రేపు మాకూ సాయం పట్టమని ఆయన్నే అడిగారు. అడిగింది ఆయన్ని, నాన్ననీ తాతయ్యనీ కాదు. సరేనన్నాడు.

నాలుగో రోజు, పని అయ్యాక, కుంచె కడగడానికి ఇద్దరం కాలువ రేవుకి వెళ్ళాం. నాకు ఒళ్ళంతా అలసట. కుంచె జాడించిన నీళ్ళతో తడిసిన గట్టు మీదే కూలబడి, పక్కన నేల చరిచి, కూర్చో బాబాయ్ అన్నాను. వద్దమ్మా అన్నాడు. ఎందుకని అడిగాను. ఆ ఇంట్లో ఆయన్ని అది అడిగిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను. పెద్దవాళ్ళకి భయం, నాకు అది తెలియదు.

కుంచెలో నీళ్ళు పిండాడు. తర్వాత కాలువకేసి చూస్తూ అన్నాడు.

“దారిలో కూర్చున్నవాళ్ళు లేవలేదమ్మా.”

అలాంటివాళ్ళు చాలామందా అన్నాను.

“చాలామంది. మీ పిన్ని కాసేపు కూర్చుంటానంది. నేనే కూర్చోమన్నాను.”

నాకు అందులో ఎంత అర్థమైందో ఇప్పుడు చెప్పలేను. పిన్ని ఇక రాదని మాత్రం అర్థమైంది. బాబాయి కూర్చోవడానికి భయపడుతున్నాడని అర్థమైంది. పడిపోతానని భయపడేవాళ్ళకి చెయ్యి పట్టుకుంటామని చెప్తాం కదా, అలాగే చెప్పాను.

“నువ్వు కూర్చో బాబాయ్. నేను లేపుతాను.”

 నేను ముందే లేచి నిలబడి, మడమలు బురదలో గుచ్చి, రెండు చేతులూ చాచి సిద్ధంగా ఉన్నాను. ఆయన కుంచె గట్టున పెట్టి, ఒక చెయ్యి నేల మీద ఆనించి, మోకాళ్ళు వంచి, కూర్చున్నాడు. గొంతుకూర్చోవడం కాదు, పూర్తిగా, నేల మీద. వెంటనే చేతులు అందించాడు. బలమంతా పెట్టి లాగాను. ఎముకలే ఉన్న మనిషి, లేచి వచ్చేశాడు. ఆయన అరచేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. నిలబడి ఊపిరి తీసుకుని, మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేపాను. నాకది ఆటలా అనిపించింది, నవ్వొచ్చింది. మూడోసారి కూర్చున్నాక నేను చేతులు చాస్తే ఆయన అందుకోలేదు.

“ఉండు. కాసేపుండి లేద్దాం” అన్నాడు.

ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. గడ్డి వేసుకుని ఒక పడవ పోయింది. దాని అలలు వచ్చి రేవు రాయికి కొట్టుకుని సద్దుమణిగాయి. ఆయన భుజాలు కదులుతున్నాయని చూసి నేను తల తిప్పుకున్నాను. మగవాళ్ళు ఏడిస్తే చూడకూడదని అమ్మ ఎప్పుడో చెప్పింది.

దాంతో అంతా నయమైపోలేదు. మార్గశిరంలో మగ్గం గుంటలోకి దిగాడు గాని, నాలుగు జానలు నేసి లేచిపోయేవాడు. వీధి చివరి దాకా పోయి వచ్చి మళ్ళీ దిగేవాడు. ఆయన నేసిన మొదటి చీర ఎక్కడికక్కడ బిగువు మారి ఉంది. తాతయ్య దాన్ని అమ్మకానికి పంపకుండా నానమ్మకే ఇచ్చాడు. మళ్ళీ పెళ్ళి మాట ఎవరు ఎత్తినా బాబాయి లేచి నడిచేవాడు, అందుకని ఎత్తడం మానేశారు. ముసలివాడయ్యే దాకా వీధిలో అందరి పడుగులకీ ఆయనే కుంచె పట్టాడు. నేను పెళ్ళయి గవర్నర్‌పేట వెళ్ళిపోయాను, మళ్ళీ పటమట చేరింది ఎన్నో ఏళ్ళకి. పిల్లలు, సంసారం, వాటి తిరుగుళ్ళు. తర్వాత నా చుట్టూ ఉన్నవాళ్ళలోనే ఒక చోట నిలవలేక తిరిగే మనుషుల్ని ఇద్దరు ముగ్గుర్ని చూశాను. ఎందుకు తిరుగుతున్నారో ఈసారి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా, కూర్చో, నేను లేపుతాను అని ఒక్కళ్ళతోనూ అనలేకపోయాను. తొమ్మిదేళ్ళప్పుడు అన్న మాట పెద్దయ్యాక నోటికి రాలేదు.

ఆ రోజు రేవు నుంచి మేము ఇంటికి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నానమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. బాబాయి ఆవిడ పక్కనుంచే నూతి దగ్గరికి వెళ్ళాడు. ఆయన పంచెకి వెనక వైపు, కూర్చున్న మేర, కాలువ గట్టు బురద ఇంత పట్టి ఉంది. నానమ్మ ఆ మరకకేసి చూసి, నాకేసి చూసింది. నా పరికిణీకీ అదే బురద. ఆవిడ చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది.

మడి, శుభ్రం అంటే ప్రాణం పెట్టే మనిషి మా నానమ్మ. ఆయన విడిచిన ఆ పంచెని రెండు రోజులు ఉతకలేదు. బురద బయటికి కనపడేటట్టు దండెం మీద వేసి, వస్తూ పోతూ చూసుకుంది.